ఆవిరి యుగపు నమూనా రైల్వేకు ట్యాంక్ వ్యాగన్ల సేకరణ

పెట్రోలు, కిరోసిన్, మొలాసిస్, ఆమ్లాలు, నూనెలు, నీళ్లు వంటి ద్రవాలను పట్టాల మీద మోసే గూడ్సు బండిని ట్యాంక్ వ్యాగన్ అంటారు. బొగ్గు ఇంజన్ల కాలపు రైలు మార్గాన్ని కొలతలు తప్పకుండా చిన్నదిగా చేసి ఇంట్లో నడుపుకునే అభిరుచి చాలా దేశాల్లో ఉంది. అలాంటి నమూనా రైల్వేకు కావలసిన ట్యాంక్ వ్యాగన్లను వెతికి కొనడం, లేనివాటిని సొంతంగా చేసుకోవడం ఆ అభిరుచిలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. అమెరికా, బ్రిటన్ మార్గాలను ఎంచుకున్నవాళ్లకు దుకాణంలో దొరికే సరుకు ఎక్కువ. హైదరాబాదులో విద్యానగర్ మీదుగా పోయే కాచిగూడ–సికింద్రాబాద్ మార్గాన్ని దాని మీటరు గేజీ రోజుల రూపంలో కట్టదలచినవాళ్లకు దొరికేది తక్కువ, తెలుసుకోవలసింది ఎక్కువ. అందువల్లనే ఈ వ్యాసం ఆ మార్గాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది.

ఈ శాఖలో మొదటి సూత్రం సరుకును ముందు నిర్ణయించుకుని వ్యాగన్‌ను తర్వాత ఎంచుకోవడం. పెట్టె మీది రంగుల బొమ్మ నచ్చి కొన్న ట్యాంకులు పది పోగైనా వాటితో ఒక్క నమ్మదగిన రైలు తయారు కాదు. మార్గంలో ఏ ద్రవం ఎక్కడినుంచి వచ్చేది, ఎవరు తెప్పించుకునేవారు, అది ఏ సంవత్సరం అన్న మూడు సంగతులు తేలితే ఎన్ని వ్యాగన్లు కావాలో, వాటి మీద ఏ అక్షరాలు ఉండాలో వాటంతట అవే తేలుతాయి.

పుట్టుక

చమురు మొదట పీపాల్లోనే ప్రయాణించింది. అమెరికాలో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర, టైటస్‌విల్ ప్రాంతంలో, ఏమోస్, జేమ్స్ డెన్స్‌మోర్ అనే అన్నదమ్ములు 1865లో చదును బండి మీద రెండు పెద్ద చెక్క తొట్లను నిలువుగా బిగించి నూనె పంపారు. మరుసటి ఏడాది దానికి పేటెంటు వచ్చింది. చెక్క తొట్టి కారేది, బరువంతా పైనుండటంతో బండి ఊగేది. కొద్ది ఏళ్లలోనే దాన్ని పక్కకు నెట్టి, ఇంజను బాయిలరు మాదిరిగా అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప ట్యాంకు వచ్చింది. ఆవిరి యుగం ముగిసేదాకా ఆ ఆకారం మారలేదు.

స్టాండర్డ్ ఆయిల్ సంస్థ తన ట్యాంకుల కోసం యూనియన్ ట్యాంక్ లైన్ కంపెనీని 1891లో విడిగా నమోదు చేసింది. 1911లో కోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ ముక్కలైనప్పుడు ఇది స్వతంత్ర సంస్థ అయింది, 1919లో యూనియన్ ట్యాంక్ కార్ కంపెనీగా పేరు మార్చుకుంది. దాని వ్యాగన్ల మీద ఉండే యూటీఎల్ఎక్స్ అనే నాలుగక్షరాలు అమెరికా మార్గాన్ని కట్టే ప్రతి నమూనాకారుడికీ కంఠతా వచ్చినవే. అక్కడ ట్యాంక్ వ్యాగన్లను రైల్వేలు పెద్దగా కొనలేదు. చమురు కంపెనీలు, అద్దెకిచ్చే సంస్థలే కొనేవి. అందుకే ఏ రైల్వే మీదైనా అవే గుర్తులు కనబడతాయి.

ట్యాంకును చూసి సరుకు చెప్పడం

ఆవిరి యుగపు ట్యాంక్ వ్యాగన్‌కు గుర్తు పైన ఉబ్బి కనిపించే డోము. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది, ఆ పెరిగిన భాగానికి చోటు కావాలి. పెట్రోలు ఒక డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది. తెల్లవారుజామున 30,000 లీటర్లు నింపిన ట్యాంకు మధ్యాహ్నం ఎండలో ఇరవై డిగ్రీలు వేడెక్కితే లోపల సుమారు 600 లీటర్లు అదనంగా తయారవుతుంది. అది మొత్తంలో రెండు శాతం. అమెరికా నిబంధనలు సాధారణ ట్యాంకుకు కనీసం రెండు శాతం డోము ఉండాలన్నది ఈ లెక్కకు దగ్గరలోనే ఉంది. మనిషి దిగే మూత, భద్రతా వాల్వులు కూడా డోము దగ్గరే ఉంటాయి. ట్యాంకును చట్రానికి కట్టే ఇనుప పట్టీలు, చివరల్లో దాన్ని ఆపే దిమ్మెలు, పక్కన నిచ్చెన, చుట్టూ చేతిపట్టు కడ్డీ, అడుగున సరుకు దించే వాల్వు, ఇవన్నీ నమూనాలో విడివిడిగా కనబడాలి. ఒకే ముద్దగా అచ్చుపోసిన చవక బొమ్మకు, కడ్డీకీ ట్యాంకుకూ మధ్య వెలుతురు కనిపించే మంచి నమూనాకు తేడా ఇక్కడే తెలుస్తుంది.

ట్యాంకు సైజు దేన్నిబట్టి ఉంటుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. చక్రాలు మోయగలిగే బరువుకు హద్దు ఉంది. అదే బరువులో పట్టే ద్రవం ఎంతన్నది దాని సాంద్రతను బట్టి మారుతుంది. 22 టన్నుల సరుకు మోసే నాలుగు చక్రాల వ్యాగన్ అనుకుందాం. పెట్రోలు సాంద్రత 0.74 కనుక దానికి దాదాపు 30,000 లీటర్ల ట్యాంకు కావాలి. కిరోసిన్‌కు 27,500 సరిపోతుంది. మొలాసిస్ నీటికంటే 1.4 రెట్లు బరువు, దానికి 15,700 లీటర్లు చాలు. గాఢ గంధకామ్లం 1.84 రెట్లు బరువు, దానికి 12,000 లీటర్లే. అంటే ఒకే చట్రం మీద లావుపాటి ట్యాంకు కనిపిస్తే పెట్రోలు, బక్కపలచటి గొట్టం కనిపిస్తే ఆమ్లం. ఆమ్లపు ట్యాంకుకు అడుగున వాల్వు పెట్టరు, ఒక్క చుక్క కారినా ప్రమాదం, అందుకే గాలి ఒత్తిడితో పైనుంచి తోడతారు. క్లోరిన్ వంటి ఒత్తిడి వాయువుల ట్యాంకుకు వ్యాకోచపు డోము బదులు వాల్వులను కప్పే చిన్న గుండ్రటి గూడు ఉంటుంది, వేడి తగలకుండా పైన మందపాటి తొడుగు ఉంటుంది. చల్లబడితే గడ్డకట్టే చిక్కటి నూనెల ట్యాంకుల్లో ఆవిరి గొట్టాలు తిప్పి ఉంచుతారు, ఆ గొట్టాల మూతులు చివరన బయటికి కనిపిస్తాయి. ఈ తేడాలు తెలిసినవాడు పెట్టె మీద ఏమి రాసున్నా నమూనాను చూసి దాని సరుకు చెప్పగలడు.

మూడు డోములున్న ట్యాంకు బొమ్మల దుకాణాల్లో ఎప్పుడూ బాగా అమ్ముడుపోయింది. అసలు పట్టాల మీద అవి అరుదు. లోపల మూడు అరలు చేసి, చిన్న ఊరి డీలరుకు ఒకే వ్యాగన్‌లో మూడు రకాల నూనెలు పంపడానికి వాడేవారు. ఇరవై వ్యాగన్ల సేకరణలో ఒకటి ఉంటే అందం, ఐదుంటే అబద్ధం.

అమెరికా నమూనాలు

అమెరికన్ కార్ అండ్ ఫౌండ్రీ కట్టిన టైప్ 21, టైప్ 27 వ్యాగన్లు, జనరల్ అమెరికన్ సంస్థ 1917 నమూనా, యూనియన్ ట్యాంక్ కార్ కట్టించిన ఎక్స్-3 తరగతి ఈ రంగంలో స్థిరమైన పేర్లు. వీటిలో ఎక్కువ భాగం 8,000 లేదా 10,000 అమెరికన్ గాలన్లవి, అంటే దాదాపు 30,000, 38,000 లీటర్లవి. టైప్ 21ను ప్రోటో 2000 శ్రేణి, టైప్ 27ను ఇంటర్‌మౌంటెన్ సంస్థ, 1917 నమూనాను టాంజెంట్ సంస్థ 1:87 కొలతలో తెచ్చాయి. రివెట్ల వరుసలు, పట్టీలు, బ్రేకు గొట్టాల దాకా అసలుకు తగ్గ పనితనం ఉన్నవి ఇవి.

సంవత్సరం ఎందుకంత ముఖ్యమో అమెరికా యుద్ధకాలం బాగా చూపిస్తుంది. 1942లో జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్ తీరంలో చమురు ఓడలను ముంచడం మొదలుపెట్టాక తూర్పు రాష్ట్రాలకు చమురు పట్టాల మీద పంపవలసి వచ్చింది. యుద్ధానికి ముందు ఆ దారిలో రైళ్లు మోసింది నామమాత్రం. 1943 వేసవికి అది రోజుకు 9 లక్షల పీపాలు దాటింది. టెక్సస్ నుంచి తూర్పుకు వేసిన పెద్ద గొట్టపు మార్గం పూర్తయ్యాక ఆ వరద తగ్గింది. 1943ను ఎంచుకున్నవాడు అరవై నల్లటి ట్యాంకుల రైలు నడిపినా తప్పుపట్టేవాడు లేడు. 1938ను ఎంచుకున్నవాడికి మామూలు గూడ్సు బండిలో రెండు మూడు ట్యాంకులు చాలు. మొత్తం గూడ్సు బండ్లలో ట్యాంకులు పదింట ఒకటి కూడా ఉండేవి కావు. అందులోనూ అధికభాగం ఏ అలంకారమూ లేని నలుపు. వెండి రంగూ, కంపెనీ బొమ్మలూ ఉన్నవి కంటికి ఇంపుగా ఉంటాయి కాబట్టి తయారీదారులు వాటినే ఎక్కువ చేశారు, ఆ మోజు సేకరణల్లోకి పాకింది. నల్ల వ్యాగన్లను ముందు కొని, రంగులవి అక్కడక్కడ చేర్చడమే సరైన పద్ధతి.

విద్యానగర్ మీదుగా పోయిన మార్గం

నిజాం రైల్వే మొదటి మార్గం వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది. అది బ్రాడ్ గేజీ. 1889 నాటికి అది బెజవాడ చేరింది. మీటరు గేజీలో కట్టిన హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే 1899, 1901 మధ్య దశలవారీగా తెరుచుకుని మన్మాడ్ దాకా సాగింది. 1916 నాటి కాచిగూడ స్టేషన్ భవనం ఆ మీటరు గేజీ వైభవానికి ఇప్పటికీ సాక్ష్యం. కాచిగూడ నుంచి విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి మీదుగా ఇవాళ ఎంఎంటీఎస్ లోకల్ బండ్లు సికింద్రాబాద్ చేరే దారి ఆ మీటరు గేజీ వ్యవస్థలోదే. దక్షిణంగా అది కర్నూలు, ద్రోణాచలం దాకా పోయి గుంతకల్లు వైపు పట్టాలతో కలిసేది, అక్కడినుంచి హుబ్బళ్లి మీదుగా గోవాలోని మార్ముగోవా రేవుదాకా మీటరు గేజీ కొనసాగేది. 1990లలో, 2000లలో ఈ మార్గాలు ఒకటొకటిగా బ్రాడ్ గేజీగా మారాయి.

చుట్టుపక్కల అంతా రైల్వే నేల. 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపు తార్నాకకు ఆనుకునే ఉంది. సిగ్నల్ ఇంజనీర్లకు, టెలికాం సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957లో తార్నాకలో మొదలైంది. రైల్వే క్వార్టర్లు, ఉద్యోగుల కుటుంబాలు, పట్టాల పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న ఈ పరిసరాన్ని ఒక షెల్ఫ్ మీద కట్టదలచినవాడికి కథకు కొదవలేదు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది కనుక దాన్ని వెనకటి దృశ్యంగా పెట్టే నమూనాకు ఆ సంవత్సరమే తొలి హద్దు.

ఇక సరుకు. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. రైల్వే తానే బస్సులు నడిపిన సంస్థ కనుక దానికి పెట్రోలు సొంత అవసరం కూడా. 1945లో ఏర్పడ్డ డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ ఆ రైల్వేకు వాటా ఉంది, బేగంపేట విమానాశ్రయానికి విమాన ఇంధనం కావాలి. పల్లెల్లో దీపాలకు కిరోసిన్ అన్నిటికన్నా నిలకడైన గిరాకీ. ఉత్తరాన నిజామాబాద్ నుంచి చీలే మీటరు గేజీ శాఖ మీద బోధన్ ఉంది, అక్కడ నిజాం చక్కెర కర్మాగారం 1937లో వచ్చింది. చక్కెర తీసిన చోట మొలాసిస్ మిగులుతుంది, అది ట్యాంకులో తప్ప మరోలా దూరం పోదు. పొట్టి మొలాసిస్ ట్యాంకు ఈ మార్గపు నమూనాకు మంచి ప్రత్యేకత తెస్తుంది. అది మార్గం చరిత్రలోంచే వస్తుంది. వేసవిలో నీటి ఎద్దడి ఉన్న స్టేషన్లకు, సిబ్బంది క్వార్టర్లకు నీళ్లు మోసే ట్యాంకు కూడా ఆవిరి యుగపు దృశ్యంలో సహజమే.

చమురు సముద్రతీరం నుంచే రావాలి. బొంబాయి ట్రాంబేలో స్టాన్‌వాక్ శుద్ధి కర్మాగారం 1954లో, బర్మా షెల్‌ది 1955లో, విశాఖపట్నంలో కాల్టెక్స్‌ది 1957లో పని ప్రారంభించాయి. అంతకుముందు శుద్ధి చేసిన నూనె ఎక్కువగా ఓడల్లో దిగేది. బొంబాయి నుంచైనా విశాఖ నుంచైనా సికింద్రాబాద్‌కు వచ్చేది బ్రాడ్ గేజీ మీదే. బ్రాడ్ గేజీ వ్యాగన్ మీటరు గేజీ మీదికి ఎక్కదు. బస్తాలైతే కూలీలు ఒక బండిలోంచి మరో బండిలోకి మార్చగలరు, నూనెనైతే పంపు పెట్టి తోడాల్సిందే. రెండు గేజీలు పక్కపక్కన నిలిచే సైడింగు, మధ్యలో చిన్న పంపు గది, రెండు గొట్టాలు పెడితే నమూనాలో ఒక మంచి కార్యరంగం తయారవుతుంది.

అక్షరాలు, తేదీలు

ఈ ప్రాంతపు సేకరణలో తప్పులు ఎక్కువగా దొర్లేది వ్యాగన్ మీది రాతల్లో. రైల్వే యాజమాన్యం మూడుసార్లు మారింది. 1930 ఏప్రిల్ నుంచి నిజాం ప్రభుత్వపు నేరు నిర్వహణలోని నిజాం స్టేట్ రైల్వే, 1951 నవంబరు నుంచి మధ్య రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే. చమురు కంపెనీల పేర్లు వేరే తేదీల్లో మారాయి. బర్మా షెల్ భారతదేశంలో 1928లో ఏర్పడి 1976లో జాతీయమైంది, మరుసటి ఏడాది భారత్ పెట్రోలియం అయింది. స్టాన్‌వాక్ 1962లో ఎస్సో అయింది, 1974లో హిందుస్తాన్ పెట్రోలియంగా మారింది. ఇండియన్ ఆయిల్ కంపెనీ 1959లో పుట్టి 1964లో కార్పొరేషన్ అయింది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే ఏది కుదురుతుందో ఏది కుదరదో తెలుస్తుంది. నిజాం స్టేట్ రైల్వే ఇంజను వెనక బర్మా షెల్ ట్యాంకు సరైన జోడీ. అదే ఇంజను వెనక ఎస్సో ట్యాంకు ఎప్పటికీ తప్పే. దక్షిణ మధ్య రైల్వే ఇంజనుకు 1976 దాకా బర్మా షెల్ కూడా సరిపోతుంది, జాతీయమైన తర్వాత పాత అక్షరాలు రంగు వేసేదాకా వెలిసిపోయి కనిపించేలా చేయవచ్చు. నాగరి అక్షరాలు ఉన్న వ్యాగన్ స్వాతంత్ర్యం తర్వాతిది. తరగతి సంకేతాలూ ఉపయోగపడతాయి. భారతీయ రైల్వేలో ట్యాంకులకు టి అనే అక్షరం, దాని పక్కన సరుకును చెప్పే మరో అక్షరం వస్తాయి. టీపీ అంటే పెట్రోలు, టీకే కిరోసిన్, టీఎం మొలాసిస్, టీడబ్ల్యూ నీళ్లు. ముందు ఎం చేరితే మీటరు గేజీ, బి చేరితే బోగీ వ్యాగన్. ఇవాళ చర్లపల్లి వైపు చమురు టెర్మినళ్లకు వెళ్లే పొడవాటి బీటీపీఎన్ వ్యాగన్లు గాలి బ్రేకుల కాలానివి, బొగ్గు ఇంజను వెనక వాటిని తగిలించకూడదు. ఇంజన్ల విషయంలో హద్దులు ఇంకొంచెం విశాలం. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వైపీ, వైజీ తరగతుల మీటరు గేజీ ఇంజన్లు చాలాకాలం పనిచేశాయి, చిత్తరంజన్‌లో చివరి మీటరు గేజీ ఆవిరి ఇంజను 1972లో తయారైంది.

కొలతా గేజీ

మార్కెట్లో ఎక్కువగా దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్ల వెడల్పువి. 1:87 కొలతకు వీటిని వాడితే అసలు లోకంలో దాదాపు 1,436 మిల్లీమీటర్ల గేజీ అవుతుంది. భారత బ్రాడ్ గేజీ 1,676. అంటే ఆ పట్టాల మీద నిలిచిన బ్రాడ్ గేజీ వ్యాగన్ ఏడో వంతు ఇరుకు కాళ్ల మీద ఉన్నట్టే. బ్రిటిష్ పద్ధతి 1:76లో ఆ తేడా నాలుగో వంతుకు పెరుగుతుంది. 1:87లో నిజమైన బ్రాడ్ గేజీకి దాదాపు 19.3 మిల్లీమీటర్ల పట్టా సొంతంగా వేసుకోవాలి.

మీటరు గేజీకి ఈ చిక్కు లేదు. 1:87లో అది 11.5 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్ల పట్టాలు యూరప్ పర్వత రైల్వేల నమూనాల కోసం సిద్ధంగా అమ్ముతారు. తేడా నాలుగైదు శాతమే, కంటికి తెలియదు. కాచిగూడ–సికింద్రాబాద్ మార్గాన్ని దాని మీటరు గేజీ రూపంలోనే కట్టమని సలహా ఇవ్వడానికి ఇదొక్క కారణమే చాలు. పైగా మీటరు గేజీ వ్యాగన్లు పొట్టివి, ఇంట్లో తప్పని ఇరుకు మలుపుల్లో హాయిగా తిరుగుతాయి.

ఒకటి చేయడం

భారత మీటరు గేజీ ట్యాంకు దుకాణంలో దొరకదు. అయితే నమూనా వ్యాగన్లలో ఇంట్లో చేయడానికి అన్నిటికన్నా సులువైనది ఇదే, ఎందుకంటే దాని శరీరం గొట్టమే. ఇంటి కరెంటు వైరింగుకు వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ కండ్యూట్ పైపు 1:87లో 1.74 మీటర్ల వ్యాసం అవుతుంది. 70 మిల్లీమీటర్ల ముక్క కోస్తే 6 మీటర్ల ట్యాంకు, పట్టేది దాదాపు 14,500 లీటర్లు, నాలుగు చక్రాల మీటరు గేజీ వ్యాగన్‌కు నమ్మదగిన సైజు. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పైపు, సన్నటి ఇత్తడి తీగ, డ్రిల్ బిట్లు, ఫైళ్లు అన్నీ దొరుకుతాయి.

పైపు కోత చక్కగా తొంభై డిగ్రీల్లో ఉండాలి, రంపానికి దారి చూపడానికి ఒక కాగితం పట్టీని పైపు చుట్టూ అంచులు కలిసేలా చుట్టి గీత గీసుకోవాలి. చివరలు బల్లపరుపుగా ఉండవు, కాస్త ఉబ్బి ఉంటాయి. ఆ రెండు మూతలకు ప్లాస్టిక్ బిళ్ల అతికించి, ఎం-సీల్ ముద్దను తడి వేలితో పలచగా ఉబ్బుగా నునుపు చేసి, గట్టిపడ్డాక సన్నటి గరుకు కాగితంతో రుద్దితే సరైన వంపు వస్తుంది. డోముకు చిన్న పైపు ముక్క కావాలి, దాని అడుగు ట్యాంకు వంపుకు కూర్చునేలా ఉండాలి. గరుకు కాగితాన్ని అదే కండ్యూట్ పైపు మీద చుట్టి, డోము ముక్కను దాని మీద ముందుకూ వెనక్కూ రుద్దితే అడుగు అదే వంపులో అరిగి సరిగ్గా కూర్చుంటుంది. పీవీసీ మీద రంగు నిలవడం కష్టం కనుక ముందు గరుకు కాగితంతో మెరుపు పోగొట్టి, ప్లాస్టిక్‌కు సరిపడే ప్రైమరు కొట్టడం తప్పనిసరి. చేతిపట్టు కడ్డీలకు 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ, పట్టీలకు సన్నగా కోసిన ప్లాస్టిక్ షీటు వాడాలి. 1940ల దాకా వచ్చిన ట్యాంకులకు రివెట్లు కావాలి, తర్వాతి వాటిలో వెల్డింగు పెరిగింది. పలచని షీటు వెనకవైపు నుంచి మొండి సూదితో వరుసగా నొక్కి, ఆ షీటును పైపు చుట్టూ అతికిస్తే రివెట్లు తేలుతాయి. బ్రిటిష్ నాలుగు చక్రాల ట్యాంకు కిట్లను ఆధారంగా తీసుకునేవాళ్లు వాటి పక్క బఫర్లు తీసేయాలి, మీటరు గేజీ వ్యాగన్‌కు నడిమి బఫరు ఒక్కటే ఉంటుంది.

బరువు గురించి హెచ్చరిక. అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘం 1:87కు చెప్పిన లెక్క ప్రకారం మొదట ఒక ఔన్సు, పొడవులో ప్రతి అంగుళానికి మరో అర ఔన్సు. నాలుగు అంగుళాల వ్యాగన్‌కు అది మూడు ఔన్సులు, అంటే దాదాపు 85 గ్రాములు. ట్యాంకు లోపల ఇనుప నట్లు అరాల్డైట్‌తో అతికించడం మేలు. సీసపు గుండ్లు పోసి తెల్ల జిగురుతో నింపే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఆ జిగురులో సీసం క్రమంగా తుప్పు పట్టి ఉబ్బి, కొన్నేళ్లకు ట్యాంకును లోపలినుంచి పగలగొడుతుంది.

ఎండకు వెలిసిన రంగు, డోము నుంచి కిందికి జారిన నూనె చారలు, చక్రాల దగ్గర ఎర్రమట్టి వ్యాగన్‌కు ప్రాణం పోస్తాయి. పెట్రోలు ఆవిరైపోతుంది కనుక దాని చార పలచన, దుమ్ము పట్టినట్టు ఉంటుంది. నల్ల నూనె, మొలాసిస్ చారలు మందంగా మెరుస్తాయి. రెంటికీ ఒకే రంగు పూయడం తొందరపాటు.

పాతవి కొనడం

హార్న్‌బీ సంస్థ 1920లోనే బొమ్మ రైళ్ల తయారీకి దిగింది, కొద్ది కాలానికే నేషనల్ బెంజోల్ వంటి పెట్రోలు పేర్లున్న రేకు ట్యాంకులు అమ్మింది. అవి కొలతకు నిలవవు, అయినా పాత వస్తువులుగా వాటికి విలువ ఉంది. యుద్ధానికి ముందటి పోత లోహపు నమూనాల్లో, హార్న్‌బీ డబ్లో మొదటి తరంతో సహా, జింకు మిశ్రమంలో సీసం కలిసినచోట లోహమే లోపల చీలి, ఉబ్బి, పొడి అవుతుంది. దానికి మందు లేదు. చట్రం వంగినట్టో, ఉపరితలం మీద వెంట్రుకంత బీటలున్నట్టో కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయాలి.

కొత్తవి విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లకు పెద్ద అడ్డు సుంకం. బొమ్మల మీద, వాటితో ఒకే పద్దులో ఉండే నమూనాల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. రవాణా ఖర్చు దానికి అదనం. పది వ్యాగన్లు తెప్పించుకునే ఖర్చుతో ఒక మంచి ఇంజను, పట్టాలు, పనిముట్లు తెచ్చుకుని వ్యాగన్లు ఇక్కడే చేసుకోవడం చాలామందికి అందుబాటులో ఉండే దారి.

భద్రపరిచేటప్పుడు హైదరాబాదు వేసవిని లెక్కలోకి తీసుకోవాలి. రెసిన్ వ్యాగన్లు పైకప్పు కింది అటక వేడికి వంగుతాయి. పెట్టెల్లో వచ్చే బూడిదరంగు స్పాంజి ఏళ్లకు జిగటగా కరిగి రంగుకు అంటుకుంటుంది, దాన్ని తీసి మెత్తటి కాగితం పెట్టాలి.

నడపడం

ట్యాంక్ వ్యాగన్ నమూనా రైల్వేకు తెచ్చే గొప్ప లాభం దాని చుట్టూ ఉన్న నియమాలు. నిప్పురవ్వలు చిమ్మే బొగ్గు ఇంజనుకు ఆనించి పెట్రోలు వ్యాగన్‌ను తగిలించరు. మధ్యలో మంటపట్టని సరుకున్న వ్యాగన్లు అడ్డుగా ఉండాలి. ప్రమాదకర సరుకుల నిబంధనలను భారతీయ రైల్వేలో రెడ్ టారిఫ్ అనే పుస్తకం చెబుతుంది. నమూనాలో కూడా దీన్ని పాటిస్తే గూడ్సు బండి కూర్పే ఆసక్తికరమైన చిక్కుముడిగా మారుతుంది. స్టేషన్‌లో దించవలసిన ట్యాంకు బండి మధ్యలో ఉంటుంది, దాన్ని విడదీయడానికి అడ్డు వ్యాగన్లను ముందు పక్కకు పెట్టి, తర్వాత మళ్లీ కూర్చాలి. నూనె దించే సైడింగు ప్రధాన మార్గానికి, ఇళ్లకు దూరంగా ఉండాలి. ఇంజను ఆ సైడింగులోకి పూర్తిగా పోకుండా రెండు ఖాళీ వ్యాగన్లను ముందు పెట్టుకుని ట్యాంకును లోపలికి తోస్తుంది.

బొగ్గు, ఇసుక మోసే తెరిచిన వ్యాగన్లలో నిండుబండి వెళ్లి ఖాళీబండి తిరిగొచ్చినట్టు చూపాలంటే ప్రతిసారీ పైసరుకు తీసి పెట్టాలి. ట్యాంకు మూసే ఉంటుంది. కాచిగూడ సైడింగులో నిన్న పెట్రోలుతో నిలిచిన వ్యాగన్ ఇవాళ ఖాళీదై, కాగితం మీద గమ్యం ఒక్కటే మారి, సికింద్రాబాద్ వైపు వెళ్లే బండికి తగులుతుంది.